చలిజ్వరం: మాట, అర్థం, వాడుక

చలిజ్వరం అనేది మలేరియాకు తెలుగువారు తరతరాలుగా వాడుతున్న పేరు. ‘చలి’ తెలుగు మాట, ‘జ్వరం’ సంస్కృతం నుండి వచ్చిన మాట. రెండూ కలిసినందున వ్యాకరణంలో దీనిని మిశ్రసమాసం అంటారు. ముందు వణుకు, తరువాత ఒళ్ళు కాలే వేడి, చివర చెమట: ఈ వరుసలో మొదటి మెట్టును చూసి పెట్టిన పేరు ఇది.

పలుకుబడులు

పుస్తకాలలో ‘చలిజ్వరం’ అని వ్రాసినా, నోటిమాటలో అది ప్రాంతాన్నిబట్టి మారుతుంది. తెలంగాణలో ‘సలి జరం’ అంటారు. కోస్తా పల్లెలలో ‘చలిజొరం’ అని వినిపిస్తుంది. తూర్పు కనుమల అడవి ప్రాంతాన్ని మన్యం అంటారు. అక్కడ ఈ జబ్బు ఎక్కువ కాబట్టి ‘మన్యపు జ్వరం’ అనే పేరు కూడా పుట్టింది. ఆయుర్వేదం విడిచి విడిచి వచ్చే జ్వరాలను ‘విషమజ్వరం’ అన్నది. వాటిలో రోజు విడిచి రోజు వచ్చేది ‘తృతీయకం’. జ్వరం వచ్చిన నాటిని ఒకటిగా లెక్కిస్తే, మళ్ళీ వచ్చేది మూడవ నాడు.

‘మలేరియా’ ఇటలీ భాషలోని మాట. దాని అర్థం చెడుగాలి. ఆ పేరు ఊహించిన కారణాన్ని చెబుతుంది, మన పేరు రోగి అనుభవాన్ని చెబుతుంది. అసలు కారణానికి సాక్ష్యం తెలుగునేలపైనే దొరికింది. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని గుర్తించారు.

తోటలలో ఈ మాట

మన పెద్దలు చేరిన తోటలలో ఈ జబ్బు తీరు ఒక్కటి కాదు. మారిషస్‌ను 1866-68 మధ్య మలేరియా అతలాకుతలం చేసింది. నివారణకు సలహా ఇవ్వడానికి 1907 చివర అదే రాస్ అక్కడికి వెళ్ళారు. మలయాలో మాల్కం వాట్సన్ 1901 నుండి క్లాంగ్ ప్రాంతంలో నిలువనీటిని కాలువల ద్వారా తీయించి జబ్బును తగ్గించారు. ఫిజీలో మలేరియాను మోసే అనాఫిలిస్ దోమ లేదు. కనుక ఆ దీవులలో ఈ మాటకు పని తక్కువ.

బర్కాలో ఈ మాట

మేము ఈ వ్యాసాన్ని ఒమన్‌లోని బర్కా నుండి వ్రాస్తున్నాము. ఇది బాతినా తీరంలో ఖర్జూరపు తోటల ఊరు. ఒమన్‌లో 1991లో మలేరియా నిర్మూలన కార్యక్రమం మొదలైంది. నేడు ఇక్కడ కనిపించే కేసులలో ఎక్కువ భాగం ఇతర దేశాల నుండి వచ్చినవారివే. స్వదేశానికి వెళ్ళివచ్చిన కూలి మనిషి ‘సలి జరం’ అన్నప్పుడు, తెలుగు నేర్చుకుంటున్న మనలో ఒకరు దుబాసీ కావలసి రావచ్చు. ఆ పూట ఈ మాట అర్థం సరిగా తెలియడం అవసరం.

ఇక్కడ పొరబాటుకు తావున్నది. ఇంగ్లీషులో చలినీ జలుబునూ ‘కోల్డ్’ అనే ఒక్క మాటతోనే చెబుతారు. చలిజ్వరాన్ని ‘కోల్డ్, ఫీవర్’ అని చెబితే వినేవారు జలుబుతో కూడిన జ్వరం అనుకుంటారు. అప్పుడు రక్తపరీక్ష ఆలస్యం కావచ్చు. మలేరియాలో ఆలస్యం ప్రాణాపాయం. ఈ తేడాలను గుర్తుంచుకోండి:

- చలిగా ఉన్నది: గాలి, వాతావరణం చల్లగా ఉన్నాయి.
- నాకు చలి వేస్తున్నది: నా ఒంటికి చలి తెలుస్తున్నది.
- నాకు జలుబు చేసింది: ముక్కు కారుతున్నది. దీనినే పడిశం అని కూడా అంటారు.
- నాకు చలిజ్వరం వచ్చింది: వణికించే జ్వరం వచ్చింది.

తెలుగులో జ్వరాన్ని మనం తెచ్చుకోము, అదే మనకు వస్తుంది. అందుకే ‘నేను’ కాక ‘నాకు’ అంటాము. జ్వరం కాస్తుంది, తగ్గుతుంది, విడుస్తుంది. కోస్తాలో ‘జ్వరం జారింది’ అని కూడా అంటారు. రోగిని ఇలా అడగవచ్చు: ‘అన్నా, చలి ఎప్పుడు మొదలైంది? రోజూ వస్తున్నదా, రోజు విడిచి రోజు వస్తున్నదా? ఊరికి ఎప్పుడు వెళ్ళివచ్చారు?’ చివరి ప్రశ్న మరువరాదు. ఒక రకం మలేరియా క్రిమి కాలేయంలో దాగి, నెలల తరువాత మళ్ళీ జ్వరం తెప్పించగలదు.

ఇరుగుపొరుగు భాషలలో

అరబ్బీలో మలేరియాకు ‘బురదా’ అనే గ్రంథస్థమైన పేరున్నది. అది చలి అని అర్థమిచ్చే ‘బర్ద్’ నుండి పుట్టింది. తమిళంలోని ‘కుళిర్ జురం’ కూడా చలిజ్వరమే. మలయాళంలో ‘మలంపని’ అంటారు: మల అంటే కొండ, పని అంటే జ్వరం. మలయాళీ నర్సు ‘పని ఉందా’ అన్న ధోరణిలో అడిగితే, ఆమె ఉద్యోగం గురించి అడగడం లేదు.

ఒక హెచ్చరిక

వణుకుతో వచ్చే ప్రతి జ్వరమూ మలేరియా కాదు. మాట లక్షణాన్ని చెబుతుంది, కారణాన్ని రక్తపరీక్ష చెబుతుంది. కనుక ఆసుపత్రిలో ‘చలిజ్వరం’ అని విన్నప్పుడు మూడు సంగతులు చెప్పండి: వణుకుతో జ్వరం వచ్చింది, ఫలానా నెలలో ఊరి నుండి వచ్చారు, మలేరియా పరీక్ష చేయండి.