వాషింగ్ మెషీన్‌లో నీటి వేడి: చేవెళ్ల, మొయినాబాద్ ప్రాంతం

బట్టను, దానికి అంటిన మురికిని బట్టి ఉతికే నీళ్లు ఎంత వేడిగా ఉండాలో రంగారెడ్డి జిల్లాలోని చేవెళ్ల, మొయినాబాద్ మండలాల పరిస్థితుల్లో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. మెషీన్ మీద కనిపించే 20, 30, 40, 60, 90 అంకెలు ప్రధానంగా యూరప్ ఇళ్ల అలవాట్ల నుంచి వచ్చినవి. అక్కడ చలికాలంలో కుళాయి నీళ్లు 10 డిగ్రీల సెల్సియస్ దరిదాపుల్లో ఉంటాయి. ఇక్కడి బోరు నీళ్లు ఏడాది పొడవునా సుమారు 25 నుంచి 28 డిగ్రీలు ఉంటాయి. అక్కడివాళ్లు కరెంటు ఖర్చు పెట్టి తెచ్చుకునే 30 డిగ్రీలు ఇక్కడ దాదాపు ఉచితం. ఎండాకాలం మధ్యాహ్నం మేడ మీది నల్ల ట్యాంకులో నీళ్లు 40 దాటినా వింత కాదు. అలాంటప్పుడు ‘కోల్డ్’ నొక్కినా పట్టుచీర మీద పడేవి చన్నీళ్లు కావు. పట్టు, ఉన్ని, రంగు దిగే చేనేత బట్టలు వేసవిలో తెల్లవారుజామున ఉతకడమే మేలు.

వేడితో మురికి వదిలించడం ఈ ప్రాంతానికి మెషీన్‌తో వచ్చిన విద్య కాదు. చాకలివారు చౌడు మట్టి నీళ్లలో తడిపిన బట్టలను బానల మీద పేర్చి గంటల తరబడి ఆవిరి పట్టించేవారు. దీన్ని ఉబ్బ వేయడం అంటారు. చౌడులో పనిచేసేది ముఖ్యంగా సోడియం కార్బొనేట్. నేటి బట్టల పొడుల్లోనూ దాని పాలు తక్కువేమీ కాదు. ముతక తెల్ల నూలుకు తగిన పద్ధతి అది. రంగు బట్టలను సాధారణంగా ఉబ్బకు వేసేవారు కాదంటారు.

వేడి, సమయం, మందు, రాపిడి అనే నాలుగింటిలో ఒకటి తగ్గితే మిగతావి పెరగాలనే సూత్రం జర్మనీలోని హెంకెల్ సంస్థకు చెందిన హెర్బర్ట్ సిన్నర్ పేరున చలామణీలో ఉంది. ఇది 1959 నాటిదని ఎక్కువ గ్రంథాలు, 1960 నాటిదని కొన్ని చెబుతాయి. మొదటిదే నమ్మదగినదిగా తోస్తుంది. చల్లటి నీళ్లతో ఉతికేటప్పుడు అరగంట నానబెట్టడం ఎందుకు పనికొస్తుందో ఈ సూత్రమే చెబుతుంది. తక్కువ వేడి నీళ్లతో ఉతకగలగడానికి ఇంకో కారణం ఎంజైములు. ఒట్టో రోమ్ 1913లో జంతువుల క్లోమగ్రంథి ఎంజైములతో బట్టలు ఉతికే పద్ధతికి పేటెంటు పొందాడు; బాక్టీరియా నుంచి తీసిన ఎంజైములు 1960లలో విస్తృతంగా వాడుకలోకి వచ్చాయి. ఇవి చాలావరకు 30 నుంచి 50 డిగ్రీల మధ్య చురుగ్గా ఉంటాయి, 60 దాటితే క్రమంగా చచ్చుబడతాయి. ఎంజైముల పొడి కొని 90 డిగ్రీల్లో ఉతకడం డబ్బు దండగ.

ఇక్కడ అసలు చిక్కు నీటి కఠినత్వం. ఈ మండలాలున్న దక్కన్ రాతినేలలో బోరు నీళ్లకు కాల్షియం, మెగ్నీషియం పడతాయి. జనం వీటినే ఉప్పునీళ్లంటారు. భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం తాగునీటిలో మొత్తం కఠినత్వం లీటరుకు 200 మిల్లీగ్రాముల వరకు ఆమోదయోగ్యం, వేరే నీళ్లు దొరకనప్పుడు 600 వరకు అనుమతి. ఇలాంటి నీళ్లు వేడెక్కేకొద్దీ బైకార్బొనేట్ విరిగి కాల్షియం కార్బొనేట్ పేరుకుంటుంది. ఫ్రంట్ లోడ్ మెషీన్ హీటర్‌కు పట్టే తెల్ల పెంకు అదే. పెంకు మందమైతే హీటర్ వేడి నీళ్లకు చేరడం మందగించి, కరెంటు వృథా అవుతుంది, చివరికి హీటరే కాలిపోవచ్చు. కాబట్టి ‘వేడి ఎక్కువైతే బట్ట తెల్లన’ అనే మాట బోరు నీళ్లకు సగమే నిజం. నిమ్మ ఉప్పు వేసి ఖాళీ మెషీన్‌ను అప్పుడప్పుడు వేడినీళ్లలో తిప్పితే పెంకు కరుగుతుంది. 2016లో మొదలైన మిషన్ భగీరథ కింద వచ్చే నది నీళ్లు సాధారణంగా ఇంతకంటే మెత్తన. అవి తాగడానికీ వంటకీ, బోరు నీళ్లు బట్టలకూ అనే విభజన చాలా ఇళ్లలో కనిపిస్తుంది.

కఠిన నీళ్లలో నురగ రాక పొడి ఎక్కువ పోస్తారు. మొయినాబాద్ పరిసరాలు ఉస్మాన్ సాగర్ (1920), హిమాయత్ సాగర్ (1927) జలాశయాల పరీవాహక ప్రాంతం. 84 గ్రామాల్లో నిర్మాణాలను కట్టడి చేసిన 1996 నాటి జీవో 111 పరిధి కూడా ఇదే. మురుగు కాలువలోకి పోయే సబ్బు నీళ్ల లెక్క ఇక్కడ ఒక్క ఇంటితో ఆగేది కాదు.

మురికిని బట్టి చూస్తే, ఎర్ర చెలక మట్టి, నల్లరేగడి వేడికి కరిగేవి కావు. ఆరనిచ్చి దులిపి, నానబెట్టి, ఎక్కువ నీళ్లలో తిప్పితే పోతాయి. రక్తం, పాలు, గుడ్డు మరకలను మొదట చన్నీళ్లలోనే కడగాలి, లేకుంటే ప్రొటీన్ గడ్డకట్టి దారంలో పాతుకుంటుంది. కాలర్ జిడ్డుకు 40 డిగ్రీలు చాలు. పసుపు మరక తీరు వేరు. తెల్ల లుంగీ మీది మరకకు సబ్బు తగలగానే అది ఎర్రబారుతుంది, చూసినవాళ్లు కంగారుపడతారు. బాగా జాడిస్తే మళ్లీ పసుపు రంగుకొస్తుంది. క్షారం తగిలితే కర్క్యుమిన్ చేసే పని అది. దాన్ని 60 డిగ్రీలూ పూర్తిగా వదిలించలేవు, ఎండ వెలవెలబోయేలా చేస్తుంది. తడిగా ఉండగానే తీగ మీద వేస్తే ఫలితం బాగుంటుంది.

60 డిగ్రీలు నిజంగా కావలసింది తువ్వాళ్లకు, దుప్పట్లకు, జబ్బుపడినవారి బట్టలకు. దుమ్ము పురుగులు 55 పైన చస్తాయి. గజ్జి పురుగుకు 50 డిగ్రీల వేడి పది నిమిషాలు చాలని వైద్య మార్గదర్శకాలు చెబుతాయి. 15 లీటర్ల నీటిని 28 నుంచి 60కి తేవాలంటే లెక్క ప్రకారం అర యూనిట్‌కు పైన కరెంటు పడుతుంది, 40కి అయితే యూనిట్‌లో ఐదో వంతు. ఈ ప్రాంతంలో రోజువారీ బట్టలకు, ముఖ్యంగా డిసెంబరు, జనవరి ఉదయాల్లో, 40 డిగ్రీలే సరైన మధ్యస్థం; వేసవిలో అదీ అక్కర్లేదు. టాప్ లోడ్ మెషీన్లలో చాలావాటికి హీటరే ఉండదు, గీజర్ నీళ్లు బకెట్‌తో పోసుకోవాల్సిందే.

బట్ట లేబుల్ మీది తొట్టి బొమ్మలో ఉండే అంకె గరిష్ఠ పరిమితి, సిఫార్సు కాదు. 1963లో పారిస్‌లో ఏర్పడిన జినెటెక్స్ సంస్థ ఈ గుర్తులను ప్రచారంలోకి తెచ్చింది. తొట్టి కింద గీత ఉంటే మెల్లగా తిప్పమని, తొట్టిలో చెయ్యి ఉంటే మెషీన్‌లో వేయవద్దని అర్థం.