కారులో యాక్షన్ కెమెరా పెట్టారా? ప్రమాదం జరిగితే ఆ వీడియో ఎంతవరకు పనికొస్తుంది?

హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లే 65వ నంబర్ జాతీయ రహదారిపై నకిరేకల్ దాటాక, సూర్యాపేటకు ముందు కేతేపల్లి వస్తుంది. కొర్లపహాడ్ టోల్ ప్లాజా ఈ మండలంలోనే ఉంది. సంక్రాంతి ముందు ఇక్కడ కార్లు ఎలా బారులు తీరతాయో ఏటా చూస్తూనే ఉంటాం. వాటిలో కొన్నింటి ముందు అద్దానికి ఓ చిన్న కెమెరా కనిపిస్తోంది. టూర్లకని కొన్న తక్కువ ధర యాక్షన్ కెమెరానే చాలామంది డాష్‌క్యామ్‌గా వాడేస్తున్నారు. ప్రయాణం వీడియో తీసుకోవడానికి అది చాలు. కానీ మీ కళ్ల ముందే ఓ లారీ బైక్‌ను ఢీకొట్టి ఆగకుండా వెళ్లిపోతే?

నంబర్ దొరికితే ఏంటి తేడా?

ఢీకొట్టిన వాహనం ఏదో తెలియకపోతే, బాధితులకు 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న హిట్ అండ్ రన్ పథకం కింద పరిహారం వస్తుంది. మరణిస్తే రూ.2 లక్షలు, తీవ్రంగా గాయపడితే రూ.50 వేలు. అంతే. అదే వాహనం నంబర్ దొరికితే, దాని థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ మీద మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌లో క్లెయిమ్ వేయొచ్చు. అక్కడ మృతుడి వయసు, సంపాదన, ఆయనపై ఎంతమంది ఆధారపడ్డారన్నది చూసి పరిహారం లెక్కిస్తారు. సంపాదించే మనిషిని పోగొట్టుకున్న కుటుంబానికి ఈ రెండింటి మధ్య తేడా చాలా పెద్దది. మీ కెమెరాలో పడిన నాలుగు అంకెలకు ఉన్న విలువ అది.

అంకెలు పడాలంటే

యాక్షన్ కెమెరా లెన్స్ బాగా వెడల్పుగా చూస్తుంది. అందుకే ముందున్న బండి ఉన్నదానికంటే దూరంగా, చిన్నగా కనిపిస్తుంది. మెనూలో లీనియర్ లేదా నారో వ్యూ ఉంటే అది పెట్టుకోండి. స్టెబిలైజేషన్ ఆపేయండి. అది ఫ్రేమ్ అంచులు కత్తిరిస్తుంది, డాష్‌బోర్డ్ ఊగుతున్నట్టు కనిపిస్తుంది. రాత్రిపూట నంబర్ ప్లేట్ చదవగలగడం ఏ చవక కెమెరాతోనూ కష్టమే. దానికో సులువైన ఉపాయం ఉంది. కంటికి కనిపించిన నంబర్‌ను వెంటనే పైకి చదవండి, మైక్‌లో రికార్డవుతుంది. (కారులో మీరు మాట్లాడుకునే ఇంటి విషయాలు కూడా రికార్డవుతాయి. అది గుర్తుంచుకోండి.)

కెమెరాలో తేదీ, సమయం సరిచూసుకోండి. బ్యాటరీ పూర్తిగా దిగిపోతే కొన్ని కెమెరాల్లో గడియారం మొదటికొస్తుంది. ప్రమాదం 2025లో జరిగితే వీడియో మీద 2018 అని ఉంటే, అవతలి లాయర్ మొదట పట్టుకునేది దాన్నే.

మెమరీ లెక్క ఇలా ఉంటుంది. సెకనుకు 15 మెగాబిట్ల చొప్పున 1080పీ రికార్డ్ చేస్తే గంటకు దాదాపు 7 జీబీ అవుతుంది. 64 జీబీ కార్డులో సుమారు 9 గంటలు పడుతుంది. 4కేలో 60 మెగాబిట్లయితే గంటకే 27 జీబీ. లూప్ రికార్డింగ్ ఆన్ చేస్తే కార్డు నిండాక పాతది చెరిపి కొత్తది రాస్తుంది. అసలు చిక్కు ఇక్కడే. చాలా డాష్‌క్యామ్‌లలో కుదుపును గుర్తించి ఆ క్లిప్‌ను లాక్ చేసే సెన్సర్ ఉంటుంది, చవక యాక్షన్ కెమెరాల్లో సాధారణంగా ఉండదు. కాబట్టి ఘటన జరిగాక బండి పక్కకు ఆపి రికార్డింగ్ ఆపేయండి, కార్డు తీసి జేబులో పెట్టుకోండి.

ఎండాకాలంలో ఇంకో సంగతి. నల్గొండ ఎండలో నిలిపి ఉంచిన కారులో లిథియం బ్యాటరీ ఉబ్బిపోవచ్చు. బ్యాటరీ లేకుండా యూఎస్‌బీ కరెంట్‌తో నడిచే మోడలయితే అలాగే వాడండి, లేదంటే దిగేటప్పుడు వెంట తీసుకెళ్లండి. బానెట్ మీద, టాప్ మీద సక్షన్ కప్పుతో బిగించడం మంచిది కాదు. వేడికి పట్టు వదిలితే అది వెళ్లి తగిలేది వెనక బైక్ మీద వచ్చేవాళ్లకే. లోపల, వెనక చూసే అద్దం చాటున, మీ చూపుకు అడ్డం రాకుండా, ఎయిర్‌బ్యాగ్ తెరుచుకునే దారిలో లేకుండా పెట్టుకోండి. నడుపుతూ ఫోన్ చేతిలో పట్టుకుని కెమెరా యాప్ చూస్తే మాత్రం మోటారు వాహనాల చట్టం సెక్షన్ 184 కింద కేసు కావొచ్చు.

కోర్టు దాకా వెళ్తే

2024 జులై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియం అమల్లోకి వచ్చింది. అందులో సెక్షన్ 63 ప్రకారం కాపీ చేసిన ఎలక్ట్రానిక్ రికార్డుతో పాటు సర్టిఫికెట్ ఇవ్వాలి. ఇందులో రెండు భాగాలు. మొదటిది పరికరం ఎవరిదో వాళ్లు నింపాలి, రెండోది నిపుణుడు. ఫైల్ హ్యాష్ విలువ కూడా రాయాలి. హ్యాష్ అంటే ఫైల్‌కు వేలిముద్ర లాంటిది, వీడియోలో ఒక్క ఫ్రేమ్ మారినా అదీ మారిపోతుంది. వాట్సాప్‌లో వీడియోగా పంపితే ఫైల్ కుదించుకుపోతుంది, హ్యాష్ కలవదు. అందుకే పోలీసులకు అసలు కార్డు లేదా అందులోంచి నేరుగా తీసిన కాపీ ఇవ్వండి. కట్ చేయొద్దు, పేరు మార్చొద్దు. కార్డు తీసుకుంటే రసీదు అడగండి.

మీరు విజయవాడ చేరాక ఫిర్యాదు చేయాలనుకున్నా కుదురుతుంది. నేరం ఏ స్టేషన్ పరిధిలో జరిగినా సమాచారం తీసుకోవాలని భారతీయ నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 173 చెబుతోంది. దీన్నే జీరో ఎఫ్‌ఐఆర్ అంటున్నాం. క్షతగాత్రుడికి సాయం చేసినవాళ్లు ఇష్టం లేకపోతే పేరు, చిరునామా చెప్పనక్కర్లేదు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 134ఏ, 2020 నాటి నిబంధనలు ఆ రక్షణ ఇస్తున్నాయి. అయితే వీడియో సాక్ష్యంగా నిలబడాలంటే ఎవరు తీశారో చెప్పేవాళ్లు ఉండాలి. వీలైతే ముందుకు రండి.

ముందు మాత్రం 112కి ఫోన్ చేయండి. జాతీయ రహదారిపై అయితే 1033 కూడా ఉంది. గుంతలు, విరిగిన డివైడర్లు కనిపిస్తే జాతీయ రహదారుల సంస్థ 'రాజ్‌మార్గ్‌యాత్ర' యాప్‌లో ఫొటో, వీడియోతో ఫిర్యాదు పెట్టొచ్చు. మీ కెమెరాలో పడిన గుంత క్లిప్ అక్కడ పనికొస్తుంది. ప్రమాదం క్లిప్‌ను మాత్రం యూట్యూబ్‌లో పెట్టకండి. రోడ్డు మీద పడి ఉన్న మనిషి ఇంటివాళ్లకు ఆ కబురు ఇంకా అంది ఉండకపోవచ్చు.