పీహెచ్‌డీ చేస్తూనే నెలకు రూ.37 వేలు.. ఏ పరీక్ష రాయాలంటే?

రీసెర్చ్ చేయాలని ఉన్నా డబ్బుల గురించి ఆలోచించి ఆగిపోతున్నారా? జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ (జేఆర్‌ఎఫ్) వస్తే తొలి రెండేళ్లు నెలకు రూ.37 వేలు ఇస్తారు. పనితీరు బాగుంటే ఆ తర్వాత రూ.42 వేలు. హాస్టల్ లేకపోతే హెచ్‌ఆర్‌ఏ అదనం. 2023 జనవరి 1 నుంచి ఈ రేట్లు అమల్లోకి వచ్చాయి.

* సైన్స్: సీఎస్‌ఐఆర్-యూజీసీ నెట్. హైదరాబాద్‌లోని సీసీఎంబీ, ఐఐసీటీ లాంటి ల్యాబ్‌లకు ఇదో దారి.
* ఇంజినీరింగ్: గేట్ స్కోర్‌తో ఐఐటీల్లో అప్లై చేయొచ్చు.
* హెల్త్: ఐసీఎంఆర్ జేఆర్‌ఎఫ్.

చాలామంది పొరబడేది ఇక్కడే. నెట్‌లో పీహెచ్‌డీ అడ్మిషన్ వరకే క్వాలిఫై అయితే ఫెలోషిప్ రాదు. ఆ స్కోర్ కూడా ఏడాదే చెల్లుతుంది. జేఆర్‌ఎఫ్ వచ్చినా సరే, గైడ్ దగ్గర చేరాకే డబ్బులు మొదలవుతాయి. అందుకే రిజల్ట్ రాగానే ముందు మీ కేటగిరీ ఏంటో చూసుకోండి!