వెనక వైపు గిటార్

1949లో ఆర్‌సీఏ విక్టర్ తెచ్చిన 45 ఆర్‌పీఎం రికార్డులో అమ్ముడుపోవాల్సిన పాట ఎ-సైడ్‌లో ఉండేది. బి-సైడ్‌ను ఏదో ఒకదానితో నింపేవారు. గిటార్ ఇన్‌స్ట్రుమెంటల్ అందుకు బాగా పనికొచ్చింది. పాట రాయించే పని లేదు, గాయకుడి కోసం ఎదురుచూడనక్కర్లేదు. పైగా అప్పట్లో అమెరికా చట్టం బాణీకి నిర్ణయించిన 2 సెంట్ల రాయల్టీ రెండు వైపులకీ ఒకటే. వెనక వైపును ఎవరూ వినకపోయినా దాని బాణీ కట్టినవాడికి రాబడి ఆగేది కాదు.

ఒక్కోసారి లెక్క తారుమారయ్యేది. 1958లో ఛాంప్స్ బృందం 'ట్రైన్ టు నోవేర్' వెనక 'టెకీలా'ను పెడితే, రేడియో డీజేలు రికార్డు తిరగేసి వేశారు. అది అమెరికాలో నంబర్ వన్ అయింది. (అందులో పెత్తనం శాక్సఫోన్‌దే అనుకోండి.) కాలిఫోర్నియా కుర్రాళ్ల బృందం సర్ఫారిస్ 'సర్ఫర్ జో' రికార్డు చేశాక, బి-సైడ్‌కి ఏమీ లేక స్టూడియోలోనే 'వైపౌట్' కట్టింది. అదీ 1963లో రెండో స్థానం దాకా వెళ్లింది. ఇప్పుడు 'సర్ఫర్ జో'ను తలచుకునేవాళ్లు అరుదు.

డీజేలు ఇలా తిరగెయ్యకుండా నిర్మాత ఫిల్ స్పెక్టర్ విరుగుడు కనిపెట్టాడు. రేడియోలో వేసే వీల్లేనంత ఊరూపేరూ లేని వాయింపును వెనక పెట్టడమే ఆ ఉపాయం. రోనెట్స్ బృందం పాట 'బి మై బేబీ' వెనకున్న 'టెడెస్కో అండ్ పిట్‌మన్' అలాంటిదే. స్టూడియో గిటారిస్టులు టామీ టెడెస్కో, బిల్ పిట్‌మన్‌ల ఇంటిపేర్లే దాని పేరు. ఎవరూ వినకూడదని పెట్టిన ముక్కను ఇప్పుడు రికార్డులు సేకరించేవాళ్లు ఏరికోరి వింటున్నారు.

ఈ గిటార్ వాయింపుల మోజుకు మూలం మాత్రం ఎ-సైడే: లింక్ రే 1958 నాటి 'రంబుల్'. యాంప్లిఫయర్ స్పీకర్‌ను పెన్సిల్‌తో పొడిచి ఆ బొంగురు నాదం రాబట్టాడు. ఒక్క మాటైనా లేని ఆ రికార్డును, పేరు వీధి కొట్లాటను గుర్తుచేస్తోందని కొన్ని స్టేషన్లు నిషేధించాయి. తర్వాత చిన్న ఊళ్ల కుర్ర బృందాలెన్నో ఆ మోటుదనం కోసం పాకులాడాయి. వాటి రికార్డులు చాలావరకు మూడు గిటార్ కార్డ్‌ల మీదే సాగి విసుగు పుట్టించేవే, కానీ అప్పుడప్పుడూ ఒకటి ఒళ్లు గగుర్పొడిపిస్తుంది.

1964లో బీటిల్స్ అమెరికాను ఊపేశాక గాత్ర బృందాల ముందు ఈ సంగీతం వెనకబడింది. మళ్లీ జనంలోకి తెచ్చింది ఎక్కువగా సినిమానే. 1994లో 'పల్ప్ ఫిక్షన్' డిక్ డేల్ 'మిసిర్లూ'తో పాటు లైవ్లీ వన్స్ బృందం 'సర్ఫ్ రైడర్'ను కూడా కొత్త తరానికి వినిపించింది. 'సర్ఫ్ రైడర్' బాణీ వెంచర్స్ బృందం గిటారిస్టు నోకీ ఎడ్వర్డ్స్‌ది.

పాత రికార్డులను తిరిగి విడుదల చేసే సంస్థలకు మూల టేపు దొరకనిచోట సేకర్తల అరిగిన డిస్కే ఆధారం. లేబుల్ మీద గిటారిస్టు పేరుండదు. సంగీతకారుల యూనియన్ దగ్గరి సెషన్ కాగితాల్లో వెతికితే కొందరి పేర్లు తేలాయి. యూనియన్ ఊసే లేని పల్లెటూరి స్టూడియోల్లో వాయించినవాళ్లకు ఆ కాగితం కూడా లేదు.