బధిర బాలల భాషా శిక్షణ: చరిత్ర

పుట్టుకతోనో, మాటలు రాకముందే జబ్బు చేసో వినికిడి కోల్పోయిన పిల్లలకు భాషను అందించే విద్యను బధిర బాలల భాషా శిక్షణ అంటారు. సైగల భాష నేర్పడం, పెదవుల కదలికను బట్టి మాటను పోల్చుకోవడం, నోటితో పలికించడం, యంత్రం సాయంతో వినడం నేర్పడం ఇందులోని ప్రధాన మార్గాలు. వీటిలో ఏది మేలన్న తగవు రెండు శతాబ్దాలకు పైగా నడిచింది. ఆ తగవులో ఎక్కువగా నష్టపోయింది పిల్లలే.

మాట రానివాడికి బుద్ధి కూడా ఉండదన్న నమ్మకం పాత కాలంలో బలంగా ఉండేది. 6వ శతాబ్దపు రోమన్ చట్టం, పుట్టు చెవుడుతో పాటు మాట కూడా లేనివారికి వీలునామా రాసే హక్కు ఇవ్వలేదు. ఆ నమ్మకం తప్పని చేసి చూపినవాడు స్పెయిన్ సన్యాసి పెద్రో పోన్సే దె లియోన్. 16వ శతాబ్దంలో ఆయన ఓన్యా మఠంలో వెలాస్కో ప్రభు కుటుంబానికి చెందిన బధిర బాలురకు చదవడం, రాయడం, మాట్లాడడం నేర్పాడు. 1620లో హువాన్ పాబ్లో బొనెట్ మాద్రిద్‌లో ఈ విద్యమీద ఒక పుస్తకం అచ్చు వేయించాడు. ఒక్క చేతి వేళ్లతో అక్షరాలు చూపించే బొమ్మలు అందులో ఉన్నాయి. అయితే అప్పటికిది కలవారి పిల్లల చదువే.

పేదల పిల్లలకు తలుపు తెరిచింది పారిస్ మతాచార్యుడు షార్ల్ మిషెల్ దె లెపె. ఇద్దరు బధిర అక్కచెల్లెళ్లకు చదువు చెప్పడంతో మొదలుపెట్టి, 1760 ప్రాంతంలో ఆయన బడి నడిపాడు. ఆ ఊరి బధిరులు తమలో తాము వాడుకునే సైగలను తీసుకుని, వాటికి ఫ్రెంచి వ్యాకరణం చెప్పే సైగలు జోడించి పాఠం చెప్పాడు. ఫీజు లేదు. ఆయన పద్ధతి చూడవచ్చినవారికి దాపరికమూ లేదు. 1778లో లైప్‌జిగ్‌లో బడి పెట్టిన సామ్యూల్ హైనికె ఇందుకు పూర్తి విరుద్ధం: నోటి మాట లేనిదే ఆలోచన లేదని ఆయన వాదన. తగవు అక్కడ మొదలైంది.

అమెరికాలో థామస్ గాలడెట్ పొరుగింటి పాప ఆలిస్ కాగ్స్‌వెల్‌కు వినపడదు. ఆ పాపకు చదువు చెప్పే దారి వెతుక్కుంటూ ఆయన 1815లో ఐరోపా వెళ్లాడు. బ్రిటన్‌లోని బ్రెయిడ్‌వుడ్ కుటుంబం తమ బోధన పద్ధతిని రహస్యంగా దాచుకుంది. పారిస్ బడి మాత్రం చేతులు చాచి ఆహ్వానించింది. అక్కడి బధిర ఉపాధ్యాయుడు లారాన్ క్లేర్ ఆయనతో పాటు ఓడ ఎక్కాడు. దారి పొడవునా ఒకరు ఇంగ్లీషు, మరొకరు సైగలు నేర్పుకున్నారు. 1817లో హార్ట్‌ఫర్డ్‌లో బడి తెరిచారు.

1880 సెప్టెంబరులో మిలాన్ నగరంలో బధిర విద్యా మహాసభ జరిగింది. హాజరైన 164 మందిలో బధిరుడు ఒక్కరే. నోటి మాటే బోధన మార్గం కావాలన్న తీర్మానం 160 ఓట్లతో నెగ్గింది. వ్యతిరేకించినవి 4. ఆ తర్వాత చాలా దేశాల బడుల్లో సైగలను నిషేధించారు, బధిర ఉపాధ్యాయులు కొలువులు పోగొట్టుకున్నారు. పెదవులు చూసి భాష నేర్చుకోవడమంటే ఏమిటో తెలియాలంటే అద్దం ముందు నిలబడి, గొంతు రాకుండా పాట, బాట, మాట అని చూడండి. మూడూ ఒక్కలాగే కనిపిస్తాయి. తెలిసిన భాషలోనే ఇంత తికమక ఉంటే, ఒక్క మాటా తెలియని పసివాడి పరిస్థితి ఏమిటి? ఈ తీర్మానం చేసిన హాని మీద విచారం ప్రకటించడానికి ఆ మహాసభకు 2010లో వాంకూవర్ సమావేశం దాకా పట్టింది.

1960లో విలియం స్టోకీ అమెరికన్ సైగల భాషను శాస్త్రీయంగా విశ్లేషించి, అది సొంత నిర్మాణం గల పూర్తి భాషేనని చూపాడు. నికరాగ్వాలో ఇంకా గొప్ప సంగతి జరిగింది. 1970ల చివర మనాగువాలో ప్రత్యేక బడి తెరిచేదాకా అక్కడి బధిర పిల్లలు ఎవరిళ్లలో వారు ఒంటరిగా ఉండేవారు. బడిలో పంతుళ్లు నోటితో స్పానిష్ నేర్పబోయారు, పెద్దగా ఫలించలేదు. పిల్లలు మాత్రం ఆటస్థలంలో, బస్సుల్లో ఇంటి సైగలు కలుపుకుంటూ కొత్త భాష కట్టుకున్నారు. తర్వాత చేరిన చిన్నపిల్లలు దాన్ని మరింత చిక్కటి వ్యాకరణంతో వాడారు. 1991లో వెలువడిన మరో పరిశోధన, సైగలు చూస్తూ పెరిగే బధిర శిశువులు చేతులతోనే ముద్దుపలుకులు పలుకుతారని చూపింది.

మన దేశంలో బొంబాయి బధిర పాఠశాల 1880ల్లో, కలకత్తా పాఠశాల 1893లో మొదలయ్యాయి. తిరునెల్వేలి దగ్గరి పాళయంకోట్టైలో ఫ్లారెన్స్ స్వైన్సన్ 1890ల్లో బడి పెట్టింది. ఇవన్నీ మిలాన్ తర్వాతి కాలానివి. తర్వాతి దశాబ్దాల్లో దేశంలోని చాలా బడుల్లో నోటి పద్ధతే నడిచింది. తరగతిలో వద్దన్న సైగలు హాస్టళ్లలో బతికాయి. స్వయంగా బధిరుడైన మదన్ వశిష్ఠ, జేమ్స్ వుడ్‌వర్డ్ తదితరులు 1970ల చివర ఢిల్లీ, కలకత్తా, బొంబాయి, బెంగళూరు సైగలను సేకరించి పోల్చి, వాటి మధ్య దగ్గరి చుట్టరికం ఉందని తేల్చారు. భారతీయ సైగల భాషకు సొంత వ్యాకరణం ఉంది. ప్రశ్న అడిగే సైగ వాక్యం చివర వస్తుంది: నువ్వు, వెళ్లడం, ఎక్కడ? 2015లో ఢిల్లీలో దీనికి జాతీయ పరిశోధన, శిక్షణ కేంద్రం ఏర్పడింది. 2018లో 3,000 పదాలతో మొదలైన దాని నిఘంటువు 2021కి 10,000 పదాలకు చేరింది. 2011 జనాభా లెక్కల్లో వినికిడి లోపమున్నవారు సుమారు 50 లక్షల మంది.

యంత్రాల కథ వేరు. లోపలి చెవిలో అమర్చే కాక్లియర్ ఇంప్లాంట్‌ను అమెరికా 1990లో పిల్లలకు అనుమతించింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ పథకం ఆరోగ్యశ్రీ ఈ ఖరీదైన శస్త్రచికిత్సను పేదింటి పిల్లలకు ఉచితంగా అందించడం చెప్పుకోదగ్గ మలుపు. ఆపరేషన్ అయ్యాక వినడం, పలకడం నేర్పే నెలల తరబడి శిక్షణ లేకపోతే యంత్రం చెవిలో ఉండీ మాట రాదు. శిక్షణా కేంద్రం పట్నంలో, కూలి పని ఊళ్లో ఉన్న తల్లికి ఇదే అసలు భారం.

వీటన్నిటికన్నా ముందు తేల్చవలసింది బిడ్డకు వినపడుతోందా అన్నది. 1978లో డేవిడ్ కెంప్ ఒక సంగతి కనిపెట్టాడు: ఆరోగ్యంగా ఉన్న లోపలి చెవి, విన్న శబ్దానికి బదులుగా తానూ సన్నని శబ్దం పంపుతుంది. పాలు తాగి నిద్రపోతున్న శిశువు చెవిలో చిన్న మొన ఉంచి, నిమిషాల్లో ఆ బదులు వస్తోందో లేదో చూడవచ్చు. లోపం ఉందని 6 నెలల్లోపు తెలిసి సాయం అందిన పిల్లల భాష, ఆలస్యంగా తెలిసినవారి భాషకన్నా మెరుగ్గా ఉందని 1998లో కొలరాడో పరిశోధన తేల్చింది. నెల నిండేలోపు పరీక్ష, 3 నెలలకు నిర్ధారణ, 6 నెలలకు శిక్షణ అన్న లెక్కను నేడు నిపుణులు పాటిస్తున్నారు. మన ఇళ్లలో మాత్రం ‘వాళ్ల నాన్నకూ మాటలు లేటుగానే వచ్చాయిలే’ అని పెద్దలు సర్దిచెప్పడం, ఆ మాట నమ్మి రెండేళ్లు, మూడేళ్లు ఆగడం మామూలే. మీ ఇంట్లో పసిబిడ్డ ఉండి ఈ పరీక్ష ఇంకా జరగకపోతే, దయచేసి వచ్చే టీకా రోజున డాక్టరును అడిగి చేయించండి.