ఆట నియమం ఎవరి పక్షం?

ఆటస్థలంలో అందరూ సమానులే అన్న మాట మనం తరచు వింటుంటాం. గీత ఒకటే, బంతి ఒకటే, ఈల ఒకటే. ఇక తారతమ్యం ఎక్కడిదని అడిగేవారున్నారు. కాని ఈల ఊదకముందే జరిగిపోయిన పని చాలా వుంది. గీత లోపలికి ఎవరు రావచ్చు, ఏ జట్టు ఏ జట్టుతో తలపడాలి, తప్పు చేసినవానికి శిక్ష ఎవరు వేయాలి—ఈ మూడూ ముందే తేలిపోతాయి. వాటిని తేల్చేది సమాజంలోని బలాబలాలు. పాఠశాలల క్రీడలలో ప్రభుత్వ బడికీ ప్రైవేటు బడికీ మధ్య జరిగిన తగవు చరిత్ర చూస్తే ఈ సంగతి స్పష్టపడుతుంది. ఆ తగవు అమెరికాలో సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. అయితే అక్కడ వివాదానికి కారణమైన నియమం, అనగా ఆటగాణ్ణి డబ్బుతోగాని ప్రలోభంతోగాని లాక్కోరాదన్న నియమం, అంతకు ముందే ఇంగ్లండులో ఒక చరిత్ర గడిపింది. అందుచేత అక్కడినుంచే మొదలుపెడదాం.

1

ఇంగ్లండులో ‘పబ్లిక్ స్కూలు’ అంటే ప్రజల బడి కాదు. ఈటన్, హారో వంటి, భారీగా ఫీజులు చెల్లించి చదివే శ్రీమంతుల బడి. 1863లో ఫుట్‌బాల్ అసోసియేషన్ ఏర్పడిన తర్వాత మొదటి దశాబ్దాలలో దాని పగ్గాలు పట్టినవారిలో చాలామంది అటువంటి బడులలో చదివినవారే. ఆటను ఆట కోసమే ఆడాలి, పైసా పుచ్చుకోరాదు అన్నది వారి ‘అమెచ్యూర్’ ఆదర్శం. వినడానికి ఉదాత్తమైనదే. కాని 1879లో హెన్లీ పడవ పందేల నిర్వాహకులు ఆ మాటకు ఇచ్చిన నిర్వచనం చూడండి: కూలికి పనిచేసే మెకానిక్కు, చేతివృత్తివాడు, శ్రామికుడు అమెచ్యూర్ కాజాలరు. తెడ్డు వేసినందుకు వాడు ఒక్క పెన్నీ పుచ్చుకోకపోయినా సరే, బతుకు తెరువుకు కాయకష్టం చేయడమే వాని అనర్హత! ఆదర్శం ముసుగు తీస్తే వర్గం ముఖం కనిపించింది.

1883లో ఎఫ్.ఎ. కప్పు ఫైనలులో ఓల్డ్ ఈటోనియన్స్ జట్టును బ్లాక్‌బర్న్ ఒలింపిక్ జట్టు 2-1తో ఓడించింది. ఒకవైపు ఈటన్ పూర్వవిద్యార్థులు. మరొకవైపు లాంకషైర్ మిల్లులలో, ఫౌండ్రీలలో పనిచేసేవారు. పోటీకి ముందు ఆ కార్మికులను బ్లాక్‌పూల్ తీసుకుపోయి కొద్దిరోజులు తర్ఫీదు ఇచ్చారు. అది ఆటధర్మానికి విరుద్ధమని పెద్దమనుషులు కొందరు ముక్కు చిట్లించారు. ఈటన్ కుర్రవాడికి బాల్యం నుంచి దొరికిన విశాలమైన మైదానాలూ, పుష్కలమైన భోజనమూ, తీరిక వేళలూ మాత్రం ఎవరి లెక్కలోనూ ‘తర్ఫీదు’ కాలేదు! 1884లో ప్రెస్టన్ నార్త్ ఎండ్ జట్టుమీద లండన్ అమెచ్యూర్ జట్టు ఒకటి ఫిర్యాదు చేయగా, ప్రెస్టన్‌ను కప్పు పోటీనుంచి తొలగించారు. ఉత్తరాది జట్లు విడిపోయి వేరే సంఘం పెట్టుకొంటామని తిరగబడ్డాక, 1885లో ఆటగాళ్ళకు జీతమివ్వడాన్ని అసోసియేషన్ అంగీకరించక తప్పలేదు.

‘డబ్బుతో ఆటగాణ్ణి తెచ్చుకోరాదు’ అన్న నియమం ఇక్కడ ఉన్నవాని చేతిలో ఆయుధం. ఇదే నియమం అమెరికాలో మరొకరి చేతికి చిక్కింది.

2

అమెరికాలో ప్రభుత్వ పాఠశాల అంటే నిజంగానే పన్నులతో నడిచే బడి. సాధారణంగా అది తన హద్దులలో నివసించే పిల్లలనే చేర్చుకుంటుంది. కాదనే హక్కు దానికి లేదు. ప్రైవేటు బడికి హద్దులు లేవు. ఎవరిని తీసుకోవాలో, ఎవరిని వద్దనాలో అదే నిర్ణయిస్తుంది. ఈ రెండూ ఒకే కప్పు కోసం పోటీపడినప్పుడు, ప్రైవేటు బడి దూరప్రాంతాల పిల్లలలో మెరికలను ఏరి తెచ్చుకుంటున్నదనే ఫిర్యాదు రాక మానదు. టెన్నెసీ రాష్ట్రంలో ఈ పోటీలను 1925 నుంచి నడుపుతున్నది టెన్నెసీ సెకండరీ స్కూల్ అథ్లెటిక్ అసోసియేషన్.

అయితే ‘ప్రభుత్వ’ అన్న విశేషణం చూసి న్యాయమంతా అటే వున్నదనుకొంటే చరిత్రకు ద్రోహం చేసినవారమవుతాం. 1960ల నడిమిదాకా ఆ సంఘం రాష్ట్ర పోటీలలో నల్లజాతి ప్రభుత్వ పాఠశాలలకు చోటు లేదు. 1954లో పాఠశాలల్లో జాతి వివక్ష చెల్లదని సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. నాష్‌విల్ నగరంలో 1957లో ఒక్క ఒకటో తరగతితో ఆ తీర్పు అమలు మొదలుపెడితే, హాటీ కాటన్ పాఠశాలను డైనమైటుతో పేల్చారు. అదే నగరంలో నల్లజాతి పిల్లలకు తలుపు ముందుగా తెరిచినవాటిలో ఫాదర్ రయన్ అనే కాథలిక్ ప్రైవేటు పాఠశాల ఒకటి. 1965 జనవరిలో ఆ బడి బాస్కెట్‌బాల్ జట్టూ, నల్లజాతి ప్రభుత్వ పాఠశాల అయిన పెర్ల్ హైస్కూలు జట్టూ తొలిసారిగా తలపడ్డాయి. మరుసటి ఏడు, 1966లో, నల్లజాతి బడులకు ప్రవేశం దొరికిన మొదటి రాష్ట్ర పోటీలోనే పెర్ల్ జట్టు ఒక్క ఆటకూడా ఓడకుండా విజేతగా నిలిచింది. ఆ జట్టులోని పెర్రీ వాలెస్ తర్వాత వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయంలో చేరి, దక్షిణాది సౌత్ఈస్టర్న్ కాన్ఫరెన్సులో వర్సిటీ బాస్కెట్‌బాల్ ఆడిన మొదటి నల్లజాతి యువకుడయ్యాడు.

ఇన్నేళ్ళూ పెర్ల్ జట్టుకు లోపించినది సామర్థ్యం కాదని ఒక్క సంవత్సరంలో రుజువయింది. కనుక బడి ఎవరిదన్న ప్రశ్నతోబాటు, ఆ బడుల సంఘం ఎవరిని లోపలికి రానిచ్చిందన్న ప్రశ్న కూడా వేసుకోక తప్పదు.

3

1970లలో బస్సులలో పిల్లలను తరలించి జాతుల విభజన తగ్గించే ఏర్పాటు అమలుకు వచ్చినప్పుడు, దక్షిణాది నగరాలలో అనేక తెల్ల కుటుంబాలు శివార్లకూ, ప్రైవేటు బడులకూ తరలిపోయాయి. ఆ బడులన్నీ ఒకే ఉద్దేశంతో పుట్టాయనలేము. కాని బడుల మధ్య ఆర్థిక వ్యత్యాసం పెరిగిన కొద్దీ, ఆటస్థలంలో అనుమానమూ పెరిగింది.

1997లో నాష్‌విల్ పొరుగునున్న బ్రెంట్‌వుడ్ అకాడమీ వ్యవహారం బయటపడింది. తమ బడిలో చేరడానికి అప్పటికే ఒప్పందం రాసిన ఎనిమిదో తరగతి కుర్రవాళ్ళు కొందరికి, వసంతకాలపు ఫుట్‌బాల్ సాధనకు రమ్మని కోచ్ ఉత్తరం రాశాడు. ఇది ఆటకోసం విద్యార్థులపై ‘అనుచిత ప్రభావం’ చూపరాదన్న నియమానికి విరుద్ధమని అసోసియేషన్ తేల్చింది. నాలుగేళ్ళ ప్రొబేషన్, ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్ జట్లకు రెండేళ్ళపాటు ఛాంపియన్‌షిప్ పోటీలనుంచి బహిష్కరణ, 3,000 డాలర్ల జరిమానా—ఇదీ శిక్ష. బడి కోర్టుకెక్కింది: ఉత్తరం రాయడం మా వాక్స్వాతంత్ర్యం, దాన్ని అణచడానికి మీరెవరు?

సంఘం ఇచ్చిన జవాబు ఆసక్తికరమైనది. మాది స్వచ్ఛంద సంస్థ, ప్రభుత్వం కాదు. రాజ్యాంగ నిర్బంధం మాకు వర్తించదు అన్నది. 2001లో సుప్రీంకోర్టు 5-4 ఆధిక్యంతో ఈ వాదనను తిరస్కరించింది. సభ్యత్వంలో 84 శాతం ప్రభుత్వ పాఠశాలలే. సంఘాన్ని నడిపేవారు ఆ బడుల అధికారులే. ఉద్యోగులకు ప్రభుత్వ పింఛను పథకంలో చేరే అర్హత వుంది. ఇంతగా ప్రభుత్వంతో పెనవేసుకుపోయిన సంస్థ, అధికారం చెలాయించేటప్పుడు ప్రభుత్వమే. బాధ్యత వచ్చేసరికి ప్రైవేటు సంఘమనడం కుదరదు అన్నది జస్టిస్ సౌటర్ రాసిన తీర్పు సారాంశం.

2007లో అదే కేసు తిరిగి వచ్చినప్పుడు, కోర్టు అసోసియేషన్ పక్షాన తీర్పు చెప్పింది. ప్రకటనలు, కరపత్రాలు ఎవరికైనా పంపుకోవచ్చు. కాని ఎనిమిదో తరగతి పిల్లవానిపై కోచ్ నేరుగా ఒత్తిడి తేవడం వేరు. ఇష్టపూర్వకంగా సంఘంలో చేరినవారు ఆ పాటి కట్టుబాటును పాటించాలి అని జస్టిస్ స్టీవెన్స్ రాశాడు.

ఈ రెండు తీర్పులనూ కలిపి చదవాలి. ప్రైవేటు బడివారు మొదటి తీర్పునూ, ప్రభుత్వ బడివారు రెండవ తీర్పునూ జెండాగా ఎగరేసుకుంటే ప్రయోజనం లేదు. తగవు తీర్చేవాడు తానే కక్షిదారు అయినప్పుడు పై విచారణకు లోబడాలి. నియమం మాత్రం అవసరమే. ప్రజాస్వామికవాదులు ఈ రెండింటినీ సమర్థించవలసి వుంటుంది.

4

నియమం రాసి శిక్ష వేస్తే అసమానత తగ్గుతుందా? తగ్గదని అమెరికన్లే గ్రహించి, అంకెలను ఆశ్రయించారు. అక్కడ విద్యార్థుల సంఖ్యను బట్టి బడులను శ్రేణులుగా విభజించి పోటీలు పెడతారు. అలబామాలో 1999లో ప్రైవేటు బడి విద్యార్థుల సంఖ్యను 1.35తో హెచ్చవేసి లెక్కించాలని నిర్ణయించారు. 2005లో ఇల్లినాయ్‌లో ఆ గుణకం 1.65. అనగా 400 అన్న సంఖ్య మొదటి గుణకంతో 540, రెండవ గుణకంతో 660 అవుతుంది. చిన్న బడుల మీద గెలిచే బదులు ప్రైవేటు బడి పెద్ద బడులతో తలపడవలసి వచ్చేది.

ఈ గుణకంలో ఒక గొప్ప ఒప్పుకోలు దాగి వుంది. ఒకే సంఖ్యలో విద్యార్థులున్నా రెండు బడులూ సమానం కావని సంఘమే అంగీకరించింది. ‘ఒకే గీత, ఒకే బంతి’ సిద్ధాంతం అంతటితో వీగిపోయింది. కాని గుణకం పాక్షికమైన మందు. శ్రీమంతుల అకాడమీకీ, పేద పేటలో చర్చి నడిపే బడికీ మొదట ఒకే 1.65. సంపన్న శివారులోని ప్రభుత్వ పాఠశాలకు గుణకమే లేదు. అక్కడి ఇళ్ళ ధరలే దాని ప్రవేశ రుసుము! బడి నిధులలో పెద్దభాగం స్థానిక ఆస్తి పన్నుమీద ఆధారపడే దేశంలో, రెండు ప్రభుత్వ బడుల మధ్య కూడా మైదానం చదునుగా వుండదు.

ఇక ఈ తగవులో అందరూ మరచిపోయే మనిషి ఒకడున్నాడు, వాడు ఆటగాడు. ఫీజు రాయితీ ఇస్తామని ప్రైవేటు బడి పిలిచిన పేద కుర్రవానికి అది చదువుకు దొరికిన దారి కావచ్చు. అతణ్ణి పంపిన పేట బడికి అది నష్టం. కండబలం కోసం పిలిచి, మోకాలు దెబ్బతిన్న మర్నాడు మరచిపోతే, అతనికీ నష్టమే. ‘ఆకర్షించరాదు’ అన్న నియమం అతణ్ణి బేరసారాలనుంచి కాపాడుతుంది, నిజమే. కాని అతని పేటలో మంచి బడిని అది కట్టించదు. నియమం చేయగలిగినది కంచె వేయడం. చేనుకు నీరు పెట్టడం ప్రభుత్వం పని.

హెన్లీ నిర్వచనం శ్రామికుణ్ణి గెంటివేయడానికి పుట్టింది. టెన్నెసీ నియమం పిల్లవానిమీద ఒత్తిడి ఆపడానికి పనికివచ్చింది. రెండూ ఆటలో స్వచ్ఛత పేరు చెప్పినవే. వాటి మధ్య తేడా మాటలలో లేదు. అది ఎవరికి తలుపు మూసింది, ఎవరికి అండగా నిలిచింది అన్నదానిలో వుంది. అధ్యాపకులుగా, విద్యార్థులుగా మనం ఏ క్రీడాసంఘం నిబంధనావళిని చేతికి తీసుకున్నా ఈ దృష్టితోనే చదవాలి. అమలు అందరికీ ఒకే తీరుగా, బహిరంగ విచారణతో జరగాలని అడగాలి. అంతటితో ఆగక, ప్రతి ప్రజాపాఠశాలకూ ఒక మైదానం, ఒక వ్యాయామోపాధ్యాయుడు, పిల్లలకు కడుపునిండా తిండి కావాలని కూడా అడగాలి. ఇవి లేనిచోట ఎంత నిష్పక్షపాతంగా ఈల ఊదినా, ఆ ఈల అప్పటికే గెలిచినవాని కోసం మోగుతూ వుంటుంది.