సత్రం నుంచి మెస్సు దాకా: దక్షిణ తమిళనాట మనవాళ్ళు తిన్నదీ, వడ్డించిందీ

మధురై దాటి దక్షిణంగా పోతుంటే రోడ్డు పక్క హోటళ్ళ బోర్డుల మీద ‘నాయుడు’, ‘రెడ్డియార్’ అన్న పేర్లు ఇంకా కనబడుతుంటాయి. బోర్డు తమిళంలో ఉంటుంది, వడ్డించేవాళ్ళ మాటా తమిళమే, ఆకులో పడే సాంబారు కూడా ఆ ఊరి సాంబారే. గల్లాపెట్టె దగ్గర కూర్చున్న పెద్దాయన మాత్రం ఫోనులో ఇంటివాళ్ళను “బువ్వ తింటిరా?” అని అడుగుతుంటాడు. మా ఇంట్లో ప్రయాణం అంటే ఇదొక ఆట. ఏ హోటలు మనవాళ్ళదో ఎవరు ముందు కనిపెడతారో చూసుకుంటాం.

ఆట సరదాగానే ఉంటుంది కానీ, దాని వెనక చాలా పెద్ద కథ ఉంది. కోయంబత్తూరు నుంచి కోవిల్పట్టి దాకా ఉన్న హోటళ్ళలో తెలుగు చేతులు ఎక్కడెక్కడ పని చేశాయో చూస్తే, మనవాళ్ళు ఈ నేలలో ఎట్లా కలిసిపోయినారో తెలుస్తుంది. ఏం పోగొట్టుకున్నారో కూడా తెలుస్తుంది.

అన్నం అమ్మని కాలం

14వ శతాబ్దంలో విజయనగర సైన్యం కుమార కంపన వెంట మధురై దాకా వచ్చింది. 1529 ప్రాంతంలో విశ్వనాథ నాయకుడితో మధురై నాయకుల పాలన మొదలైంది. తర్వాత పాలెగాళ్ళూ, వాళ్ళ వెంట రైతులూ, నేతగాళ్ళూ, వ్యాపారులూ విడతలు విడతలుగా దిగినారు. నల్లరేగడి దొరికిన చోట మన రైతులు నిలబడిపోయినారు. పత్తి, సజ్జ, జొన్న పండించినారు. తిన్నది కూడా అదే: సజ్జ సంకటి, జొన్న సంకటి, పక్కన పులుసు, మజ్జిగ. వరి బువ్వ పండక్కో, చుట్టాలొస్తేనో.

ఆ రోజుల్లో ప్రయాణం చేసేవాడు తిండి కొనుక్కుని తినేది చాలా తక్కువ. అన్నవిక్రయం పాపమని మన పెద్దల నమ్మకం. మూట కట్టుకుని బయలుదేరడమో, సత్రంలో దిగడమో, అంతే. సత్రం అనగానే మధురైలో గుర్తొచ్చే పేరు రాణి మంగమ్మ. 1689 నుంచి మనవడు విజయరంగ చొక్కనాథుడి తరఫున ఆమె రాజ్యం నడిపింది. బాటలు వేయించింది, సత్రాలు కట్టించింది. మధురై రైల్వే స్టేషను ఎదురుగా ఉన్న మంగమ్మాళ్ సత్రం ఈనాటికీ ఆమె పేరుతోనే ఉంది. రైలు దిగి అటు చూసేవాళ్ళలో ఎంతమందికి ఆమె ఆస్థానం తెలుగులో కూడా నడిచిందని తెలుసు?

సత్రం తిండి ఉచితం. అయితే అందరికీ ఒకే పంక్తి కాదు. ఎవరు ఎక్కడ కూర్చోవాలో కులమే నిర్ణయించేది. ఈ సంగతి పక్కన పెట్టి సత్రాల గొప్ప మాత్రమే చెప్పుకుంటే కథ సగమే అవుతుంది.

రైలు, బస్సు, హోటలు

1870లలో రైలు మధురై మీదుగా తూత్తుకుడి దాకా వెళ్ళింది. పత్తి వ్యాపారం పెరిగింది, ఊరు వదిలి తిరిగేవాళ్ళు పెరిగినారు. డబ్బిచ్చి తినే చోట్లు అప్పుడు వచ్చినాయి. కాఫీ క్లబ్బులు, ఉడుపి హోటళ్ళు, మాంసం వండే ‘మిలిటరీ హోటళ్ళు’ ఒకదాని వెనక ఒకటి వెలిసినాయి.

ఈ మార్పులో మనవాడి కథ ఒకటి చెప్పుకోవాలి. కోయంబత్తూరు దగ్గర కలంగల్‌లో 1893లో పుట్టిన జి.డి. నాయుడు కుర్రతనంలో ఒక తెల్లదొర మోటారు సైకిలు చూసి మనసు పడ్డాడు. దాన్ని కొనడానికి కోయంబత్తూరులో ఒక హోటల్లో సర్వరుగా చేరి డబ్బు కూడబెట్టాడు. కొన్న బండిని ఊడదీసి, మళ్ళీ బిగించి, యంత్రం గుట్టు నేర్చుకున్నాడు. 1920లో పొల్లాచ్చి–పళని మధ్య బస్సు నడిపాడు. తర్వాత ఆయన కంపెనీ ఎంత పెద్దదైందో అందరికీ తెలిసిందే. నాకు మాత్రం ముందు సంగతే ముఖ్యంగా తోస్తుంది. అన్నం అమ్మడమే తప్పనుకున్న రైతు కులంలో పుట్టిన పిల్లవాడు హోటల్లో ఆకులేసి వడ్డించడానికి సిగ్గుపడలేదు. బస్సులు వచ్చినాక బస్టాండు పక్కన హోటలు తప్పనిసరి అయింది.

హోటళ్ళలో కూడా కులం పోలేదు. ‘బ్రాహ్మణ హోటలు’ అని బోర్డు పెట్టేవాళ్ళు, కొన్ని చోట్ల లోపల పంక్తులు వేరు. 1957లో మద్రాసు తిరువల్లిక్కేణిలో మురళీ కేఫ్ బోర్డు మీద ‘బ్రాహ్మణ’ అన్న మాట తీసేయాలని పెరియార్ పిలుపుతో నెలల తరబడి ఆందోళన జరిగింది. ఆ 1957లోనే దిండుక్కల్‌లో ఒక చిన్న హోటలు తెరిచినారు.

దిండుక్కల్ తలపాగా

ఆ హోటలు పేరు ఆనంద విలాస్ బిర్యానీ హోటల్. పెట్టినాయన నాగసామి నాయుడు. ఎప్పుడూ తలపాగాతో కనిపించేవాడు కాబట్టి జనం ‘తలప్పాకట్టి’ అన్నారు, అంటే తలపాగా కట్టినాయన. చివరికి హోటలు సొంత పేరు మరుగునపడి ఆ మారుపేరే నిలిచింది. ఆ పేరు విలువ ఎంత పెరిగిందంటే, అది ఎవరిదన్న తగువు మద్రాసు హైకోర్టు దాకా పోయింది.

దిండుక్కల్ బిర్యానీకి బాస్మతి వాడరు. సీరగ సాంబా బియ్యం వాడతారు. జీలకర్రలాగా సన్నగా, పొట్టిగా ఉండే గింజ కాబట్టి ఆ పేరు. బాస్మతి పొడుగ్గా, విడివిడిగా నిలబడుతుంది. సీరగ సాంబా మసాలాను, మాంసం రసాన్ని పీల్చుకుని కొంచెం మెత్తగా, ముద్దకు వీలుగా ఉడుకుతుంది. హైదరాబాదు నుంచి వచ్చిన మా చుట్టాలు మొదటిసారి తిన్నప్పుడు, “ఇది బిర్యానీనా, పులావా?” అన్నారు. రెండోసారి వడ్డించుకున్నాక ఆ ప్రశ్న మళ్ళీ అడగలేదు.

ఆలోచించండి. బిర్యానీ ముస్లిముల వంటింటి నుంచి వచ్చింది. బియ్యం తమిళ నేలది. పెట్టినాయన ఇంటిపేరు తెలుగు నుంచి వచ్చింది. ఇవాళ అది తమిళనాడు గర్వంగా చెప్పుకునే వంట. మనది అని జెండా పాతడానికి ఇందులో చోటు లేదు. మనవాళ్ళ చేయి లేదనడానికీ వీల్లేదు.

కోయంబత్తూరు సాంబారు

కోయంబత్తూరులో ఇదే కథ శాకాహారంలో నడిచింది. అక్కడ జి. కుప్పుసామి నాయుడు 1910లో లక్ష్మీ మిల్స్ పెట్టినారు. 1930లలో పైకారా జలవిద్యుత్తు వచ్చినాక నూలు మిల్లులు వరసగా లేచినాయి. షిఫ్టు దిగినవాడికి తొందరగా, వేడిగా, చవగ్గా తిండి కావాలి. మిల్లు ఊళ్ళలో హోటళ్ళు నిలబడింది ఈ ఆకలి మీదే.

దామోదరసామి నాయుడు మొదట సినిమా హాలు క్యాంటీను నడిపి, 1968లో అన్నపూర్ణ పెట్టినారు. అది పెరిగి శ్రీ అన్నపూర్ణ శ్రీ గౌరీశంకర్ అయింది. అక్కడ ఇడ్లీ సాంబారు తినేవాళ్ళను చూడండి. ఇడ్లీని సాంబారులో అద్దుకోరు, సాంబారులో ముంచి తేలుస్తారు. గిన్నె ఖాళీ కాకముందే సర్వరు బకెట్టుతో వచ్చేస్తాడు. మా పెద్దవాళ్ళు కోయంబత్తూరు పెళ్ళిళ్ళకు పోయి వస్తే పెళ్ళి భోజనం కంటే ముందు ఈ సాంబారు ముచ్చటే చెప్పేవాళ్ళు.

నల్లరేగడి దారి

మధురై నుంచి కోవిల్పట్టికి పోయే దారిలో ఒక్కో ఊరికి ఒక్కో తిండి. విరుదునగర్‌లో నూనె పరోటా: కాల్చడం కాదు, పెనం నిండా నూనెలో కరకరలాడేటట్టు వేయించి, సాల్నా పోసి పెడతారు. సాత్తూరులో కారసేవ. పక్కదారి పట్టి శ్రీవిల్లిపుత్తూరు పోతే పాలకోవా. చివరికి కోవిల్పట్టి కడలై మిఠాయి. వేరుశెనక్కాయలూ, బెల్లమూ, ఇంకేమీ అక్కర్లేదు. 2020లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది.

ఇవేవీ తెలుగు వంటలు కావు. ఐతే ఆ శనక్కాయలు, పత్తి పండించిన నల్లరేగడిలో మన రైతుల ఊళ్ళు చాలా ఉన్నాయి. ఆ ఊళ్ళ కథ చెప్పినాయన కి. రాజనారాయణన్. కోవిల్పట్టి దగ్గర ఇడైసెవల్‌లో తెలుగు ఇంట్లో పుట్టి, తమిళంలో రాసి, ‘గోపల్లపురత్తు మక్కళ్’ నవలకు 1991లో సాహిత్య అకాడమీ అవార్డు అందుకున్నారు. వలస వచ్చిన తెలుగువాళ్ళ జ్ఞాపకాన్ని భద్రంగా దాచి పెట్టింది తమిళ పుస్తకం! 2021లో ఆయన పోయినప్పుడు తమిళనాడు ప్రభుత్వ లాంఛనాలతో సాగనంపింది.

సాత్తూరు దాటినాక ఒక పేరు లేని మెస్సులో మేము ఒకసారి ఆగినాం. నాలుగు బల్లలు, అరటాకులు. వంట చేసే అవ్వ మా మాట విని, “ఇంగ రోంత పులుసు పోస్తునా?” అని తెలుగులో అడిగింది. ఆమె పెట్టిన పులుసు మా నాయనమ్మ చేసే పులుసే: ఎండుమిరపకాయ, చింతపండు, ఉల్లిగడ్డ, కాసింత బెల్లం. గల్లా దగ్గర ఉన్న ఆమె మనవడికి మాత్రం మేము మాట్లాడింది సగమే అర్థమైంది. “అవ్వతో మాత్రమే ఆ భాష” అన్నాడు తమిళంలో.

చెప్పుకోవలసిన ఇంకో మాట

మన పల్లెల గురించి మురిసిపోయేటప్పుడు టీ అంగళ్ళ సంగతి దాటేయకూడదు. దక్షిణ జిల్లాల పల్లెల్లో దళితులకు వేరే గ్లాసులో టీ ఇచ్చే ‘రెండు గ్లాసుల పద్ధతి’ చాలా కాలం నడిచింది. భూమి ఉన్న కులాలన్నీ దాన్ని నడిపినాయి, మనవాళ్ళూ అందులో ఉన్నారు. సత్రంలో మొదలైన వేరు పంక్తి టీ గ్లాసులో చాలాకాలం బతికింది. ఎవరికి వడ్డించినామో రాసేటప్పుడు, ఎవరిని బయట నిలబెట్టినామో కూడా రాయాలి.

ఆంధ్రా మీల్స్ ఎవరివి?

చెన్నైలో, బెంగళూరులో ‘ఆంధ్రా మెస్’ అని బోర్డున్న చోటికి మా పిల్లలు ఇష్టంగా పోతారు. పప్పు, గోంగూర, పొడి, నెయ్యి, మంట పుట్టించే ఆవకాయ. బాగుంటుంది. అది కోస్తా నుంచి, రాయలసీమ నుంచి ఈ మధ్య తరాల్లో వచ్చినవాళ్ళ వంట. ఐదారు వందల ఏళ్ళ కింద వచ్చిన మన ఇళ్ళ వంట ఆ బోర్డు కింద దొరకదు. ఆ బోర్డు కింద మనం చుట్టాలం. మన వంట ఉన్నది సాత్తూరు దారిలో, పేరు లేని మెస్సులో, తమిళ బోర్డు కింద.

నాగసామి నాయుడు బిర్యానీ బతికింది, ఎందుకంటే ఊరంతా దాన్ని తినింది. ఆ అవ్వ పులుసు అట్లా బతకదు. ఆ ఇంట్లో ఎవరో ఒకరు నేర్చుకోవాలి. భాష పోయిన ఇళ్ళలో కూడా వంటింటి మాటలు చివరిదాకా మిగులుతాయని మా చుట్టాల ఇళ్ళలో చూసినాను. పాఠం తమిళంలో, లెక్క ఇంగ్లీషులో, ‘సంకటి’, ‘పులుసు’, ‘బువ్వ’ మాత్రం తెలుగులో.

కాబట్టి ఈ సెలవుల్లో ఊరికి పోయే పిల్లలకు ఒక పని చెప్తున్నాను. మీ అవ్వ దగ్గర కూర్చుని, ఆమె చేసే పది వంటల పేర్లు ఆమె నోటితో ఎట్లా అంటుందో అట్లాగే రాసుకోండి. తెలుగు లిపి రాకపోతే తమిళ లిపిలోనే రాయండి, ఫరవాలేదు. కొలతలు కూడా ఆమె చెప్పినట్టే రాయండి: పిడికెడు, చిటికెడు, గరిటెడు. దారిలో మీకు దొరికిన మెస్సుల పేర్లూ, అక్కడ తిన్నదీ మాకు పంపండి. అన్నీ ఒకచోట చేర్చి పెడతాం.